పిల్లల మానసిక వ్యాధులు – ఆసుపత్రి వైద్యం – మన బాధ్యత

(సంక్షేమ సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏటా ఈ సభలో మన పిల్లల చదువులను గురించి, స్కాలర్‌షిప్పులను గురించి, కట్నాల దురాచారాన్ని గురించి పెద్దలు చక్కగా మాట్లాడుతూ వస్తున్నారు. అవన్నీ మాట్లాడవలసిన విషయాలే. ఈ ఏడు కార్యదర్శిగారు మమ్ములను పిలిచి, "మాస్టర్ సాబ్, మీరు పిల్లల నడవడిని గురించి నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. నడవడి అనగానే పెద్దలకు సలాం చేయడం, అబద్ధమాడకపోవడం, వేళకు నమాజుకు వెళ్ళడం వంటివి మనకు గుర్తుకు వస్తాయి. మేము ఈ రోజు అటువంటి పిల్లలను గురించి చెప్పడం లేదు. ఎవరైనా చుట్టాలు వస్తే లోపలి గదిలోకి నెట్టి తలుపు గొళ్ళెం పెట్టే పిల్లలను గురించి చెప్పదలచుకొన్నాము. పెళ్ళికి గాని, పండుగ నమాజుకు గాని వెంట తీసుకువెళ్ళని పిల్లలను గురించి చెప్పదలచుకొన్నాము. అటువంటి పిల్లలు మన ప్రతి మొహల్లాలోనూ ఉన్నారు. మనకందరికీ తెలుసు. ఎవరూ పైకి చెప్పుకోరు.

మేము డాక్టర్లము కాము. ఉర్దూ మీడియం బడిలో ఇరవై ఏళ్ళుగా పాఠాలు చెప్పుకొనే పంతుళ్ళము. అయినా ఈ విషయంలో మాట్లాడే అర్హత మాకు కొంత ఉన్నదని అనుకొంటున్నాము. ఎందుకంటే, ఇటువంటి పిల్లవాణ్ణి తల్లిదండ్రుల తరువాత మొదట చూసేవాడు డాక్టరు కాదు, బడి పంతులే. నలభై మంది పిల్లల మధ్య ఒక్కడు ఎట్లా వేరుగా ఉన్నాడో పంతులుకు కనబడినట్లు ఇంకెవరికీ కనబడదు.

అల్లరి వేరు, వ్యాధి వేరు. ఈ భేదం మొదట తెలుసుకోవాలి. అల్లరి లేని పిల్లవాడు ఉండడు, ఉండగూడదు కూడా. మరి తేడా ఎట్లా కనిపెట్టడం? పెద్ద డాక్టర్లు చెప్పేదానిని మేము మూడు ప్రశ్నలుగా చేసి చెబుతాము. మొదటిది, ఎంత కాలం నుంచి? రెండు రోజులు, పది రోజులు కాదు, ఆరు నెలలుగా అదే వరుస సాగుతున్నదా? రెండవది, ఎక్కడెక్కడ? ఒక్క బడిలోనేనా, లేక ఇంట్లో, వీధిలో, నానీ ఇంట్లో, అన్నిచోట్లా అట్లాగే ఉన్నాడా? ఒక్క బడిలోనే అయితే కారణం బడిలోనే వెతకాలి. మూడవది, ఎంత నష్టం? తన్ను తాను కొట్టుకోవడం, కొరుక్కోవడం, చిన్న తమ్ముణ్ణి నీళ్ళ తొట్టిలో తోయడం, నిప్పు పెట్టడం, రోడ్డు మీద బస్సుకు అడ్డంగా పరుగెత్తడం, రాత్రంతా నిద్ర లేకుండా తిరగడం – ఇంతవరకు వచ్చినదా? ఈ మూడు ప్రశ్నలకూ జవాబు గట్టిగా ఉన్నప్పుడు అది బెత్తంతో పోయే అల్లరి కాదని గ్రహించాలి.

దీనికి కారణాలు అనేకం. కొందరికి పుట్టుకతోనే బుద్ధిమాంద్యం ఉంటుంది. కొందరికి ఆటిజం. వారికి మాట, చూపు, చుట్టూ ఉన్నవాళ్ళతో కలిసే పద్ధతి వేరుగా ఉంటాయి. కొందరికి నిలకడ లేకపోవడమే జబ్బు. డాక్టర్లు దానిని ఏ.డి.హెచ్.డి. అంటారు. కొందరికి మూర్ఛ. మూర్ఛ అంటే కింద పడి గిలగిల కొట్టుకోవడం ఒక్కటే కాదు, కొన్ని క్షణాలు శూన్యంలోకి చూసి నిలబడిపోవడం కూడా మూర్ఛే కావచ్చు. కొందరికి చెవులు సరిగా వినపడవు. మాట వినడని మనం కొడతాము, వాడికి మాట వినపడనే వినపడదు. కొందరు పెద్ద పిల్లలకు లోపల దిగులు ఉంటుంది, అది బయటికి కోపంగా వస్తుంది. కొందరి మీద ఎవరో అత్యాచారం జరిపి ఉంటారు. పిల్లవాడు నోటితో చెప్పలేనిది చేతులతో, పళ్ళతో చెబుతాడు. పైకి చూస్తే అందరూ ఒక్కటే, మొండి పిల్లలు. లోపల కారణం వేరు, వైద్యం వేరు. ఈ కారణం కనిపెట్టడానికే ఆసుపత్రి.

2015–16లో దేశంలో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, పదమూడు నుంచి పదిహేడేళ్ళ వారిలో నూటికి 7.3 మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉన్నట్లు తేలింది. ఆ వయసు పిల్లలు మూడు వందల మంది ఉన్న బడిని తీసుకోండి. ఆ లెక్కన ఇరవై మందికి పైగా అవుతారు. వీరందరూ ఆసుపత్రిలో చేరవలసినవారు కారు. చాలామందికి డాక్టరుతో నాలుగు మాటలు, ఇంట్లో, బడిలో కొంత మార్పు సరిపోతాయి. ఏ కొద్దిమందికో మాత్రమే వార్డులో మంచం కావలసి వస్తుంది. కాని ఆ కొద్దిమందికే మన ఇళ్ళలో గొళ్ళేలు, తాళ్ళు కూడా పడుతున్నాయి.

ఇప్పుడు మేము చెప్పబోయే మాట కొందరికి కష్టంగా ఉండవచ్చును. పెద్దలు మన్నించాలి.

మన ఇళ్ళలో ఇటువంటి పిల్లవాణ్ణి చూసి మొదట అనే మాట, "వీడి మీద సాయా పడింది." హిందూ సోదరుల ఇళ్ళలో "గాలి సోకింది" అంటారు. మాట వేరు, నమ్మకం ఒక్కటే. అక్కడి నుంచి తావీజులు, పలీతాలు, ఆమిళ్ళు మొదలు. తావీజు కట్టించినంత మాత్రాన పిల్లవాడికి గాయం కాదు. దువా చేయించడం మన విశ్వాసం. అందులో తల్లికి ఓదార్పు ఉన్నది. దానిని మేము కాదనము. కాని మిరపకాయల పొగ పెట్టడం, వేళ్ళ మధ్య పుల్లలు పెట్టి నొక్కడం, గొలుసులు వేయడం – ఇవి దువా ఎట్లా అవుతాయి? బాధపడేది జిన్ను కాదు, ఎనిమిదేళ్ళ పసివాడు.

గొలుసుల సంగతి వచ్చినప్పుడు ఏర్వాడిని మరువరాదు. తమిళనాడులో రామనాథపురం జిల్లాలో ఏర్వాడి అనే ఊరు ఉన్నది. అక్కడి దర్గాకు మనోవ్యాధులున్నవారిని దూరదూరాల నుంచి తెస్తారు. దర్గా చుట్టుపక్కల కొందరు ప్రైవేటుగా ఇళ్ళు పెట్టి, డబ్బు తీసుకొని రోగులను ఉంచుకొనేవారు. 2001 ఆగస్టు 6వ తేదీ తెల్లవారుజామున అటువంటి ఒక ఇంటి తాటాకు పాకకు నిప్పు అంటుకొన్నది. లోపలి వారి కాళ్ళకు గొలుసులు ఉన్నాయి. పారిపోలేకపోయారు. ఇరవై ఎనిమిది మంది చనిపోయారు. వారిలో ముస్లిములు, ముస్లిమేతరులు అందరూ ఉన్నారు. ఆ తరువాత ప్రభుత్వం అక్కడి అటువంటి ఇళ్ళను మూయించింది. సుప్రీం కోర్టు ఈ సంగతిని తనంతట తానుగా విచారణకు తీసుకొన్నది. ఈ మాట మేము దర్గాలను నిందించడానికి చెప్పడం లేదు. గొలుసు వేసినవాళ్ళు కూడా చెడ్డ తల్లిదండ్రులేమీ కారు. వెళ్ళడానికి వేరే చోటు ఉన్నదని వారికి ఎవరూ చెప్పలేదు. ఆ చెప్పవలసిన పని మనది.

మరో దర్గా కథ కూడా చెబుతాము. గుజరాత్‌లో మెహ్సానా జిల్లా ఉనావాలో మీరా దాతార్ దర్గా ఉన్నది. అక్కడ 2008 నుంచి "దవా – దువా" అనే పద్ధతి నడిచింది. దర్గా ముజావర్లే రోగిని చూసి, దువా చేసి, పక్కనే కూర్చున్న మానసిక వైద్యుని వద్దకు పంపుతారు. ముజావరు చెప్పాడు గనుక ఆ కుటుంబం మందు వేసుకొంటుంది. ముజావరుకు గౌరవం తగ్గలేదు. రోగికి వైద్యం అందింది. మన జిల్లాలో కూడా పెద్ద దర్గాలు ఉన్నాయి. వాటి పెద్దలు ఈ సభలో ఉన్నారు. ఇంతకన్నా మేము చెప్పనక్కరలేదు.

ఆసుపత్రి వైద్యం మన సంప్రదాయానికి కొత్తదనుకొంటే అది పొరపాటు. ప్రతి రోగానికీ మందు ఉన్నదని, వైద్యం చేయించుకోవాలని ప్రవక్తవారు (స) బోధించిన సంగతి ఈ సభలో తెలియనివారు లేరు. కైరోలో 1284లో సుల్తాన్ కలావూన్ కట్టించిన పెద్ద బీమారిస్తానులో మనోరోగులకు వేరుగా చోటు ఉండేది. హలబ్ పట్టణంలో 1354లో కట్టిన అర్గూన్ బీమారిస్తాను నేటికీ నిలిచి ఉన్నది. అందులో మనోరోగుల గదుల మధ్య నీటి తొట్లు, వెలుతురు వచ్చే ఆవరణలు కనబడతాయి. రోగికి నీటి చప్పుడు, వెలుతురు కావాలని ఆరు వందల ఏళ్ళ క్రితం మన పెద్దలు ఆలోచించారు. మనమేమో గది తలుపు మూస్తున్నాము.

ఇక ఆసుపత్రి మాటకు వద్దాము. "పిచ్చాసుపత్రి" అనే మాట వినగానే తల్లి గుండె ఝల్లుమంటుంది. అందుకు కారణం లేకపోలేదు. మన ప్రాంతంలో విశాఖపట్నం ఆసుపత్రి 1871లో దొరల కాలంలో మొదలైంది. నిజాం కాలంలో జాల్నాలో నడిచిన ఆసుపత్రి 1953లో హైదరాబాదు ఎర్రగడ్డకు వచ్చింది. ఆ కాలంలో ఇటువంటి చోట్లను రోగిని బాగుచేసి పంపడం కంటే సంఘానికి దూరంగా ఉంచడానికే ఎక్కువగా వాడారు. అందుకే "ఎర్రగడ్డ" అన్న ఊరిపేరు మన భాషలో ఒక తిట్టు అయి కూర్చున్నది. కాని ఈనాటి ఎర్రగడ్డలో రోజూ ఓ.పి.లో చీటీ రాయించుకొని, మందులు తీసుకొని, సాయంత్రం బస్సుకు ఇంటికి వచ్చేవారే ఎక్కువ. ఆ తిట్టును మనం మానుకొంటే సగం భయం పోతుంది.

పిల్లలకు ప్రత్యేకంగా మానసిక ఆసుపత్రి అనే ఆలోచన ఎట్లా వచ్చిందో ఒక చిన్న కథ ఉన్నది. అమెరికాలో రోడ్ ఐలండ్ అనే చోట బ్రాడ్లీ అనే దంపతులకు ఎమ్మా అని ఒక్కతే కూతురు. ఏడేళ్ళ వయసులో మెదడు వాపు వచ్చి ఆ పిల్ల బుద్ధి, నడవడి దెబ్బతిన్నాయి. అటువంటి పిల్లలను చూసే చోటు ఆ రోజుల్లో ఎక్కడా లేదు. తల్లిదండ్రులు తమ ఆస్తిని అటువంటి పిల్లల కొరకు రాసిపెట్టి పోయారు. ఆ సొమ్ముతో 1931లో ఎమ్మా పెండిల్టన్ బ్రాడ్లీ హోమ్ తెరిచారు. ఆ దేశంలో పిల్లల కొరకే పెట్టిన మొదటి మానసిక ఆసుపత్రి అది. 1937లో అక్కడి డాక్టర్ చార్లెస్ బ్రాడ్లీ ముప్పై మంది పిల్లలకు బెంజెడ్రిన్ అనే మందు ఇచ్చి చూశాడు. దాదాపు సగం మంది చదువులో చెప్పుకోదగ్గ మార్పు కనబడింది. పిల్లలే దానికి "లెక్కల మాత్రలు" అని పేరు పెట్టారు. ఈనాడు నిలకడ లేని పిల్లలకు ఇచ్చే మెథైల్‌ఫెనిడేట్ ఆ వరుసలోదే. మేము ఇందులో గమనించవలసినది మందును మాత్రమే కాదు. ఒక తల్లి, తండ్రి తమ బిడ్డను దాచలేదు. ఆమె పేరే ఆసుపత్రికి పెట్టారు.

అట్లాగని ఆసుపత్రుల చరిత్ర అంతా మంచిదే అని చెబితే మిమ్మల్ని మోసపుచ్చినట్లవుతుంది. అదే అమెరికాలో 1940లలో న్యూయార్కు బెల్‌వ్యూ ఆసుపత్రిలో పన్నెండేళ్ళలోపు పిల్లలు దాదాపు వందమందికి కరెంటు చికిత్స ఇచ్చారు. కాబట్టి తల్లిదండ్రులు భయపడటం తప్పు కాదు. భయపడి పారిపోకుండా, అడిగి తెలుసుకోవాలి. ఏమేమి అడగాలో కొంచెం సేపట్లో చెబుతాము.

మన దేశంలో బెంగళూరులో 1954లో అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ ఏర్పడింది. 1974లో దానిని అక్కడి పాత మానసిక ఆసుపత్రితో కలిపి నిమ్‌హాన్స్ చేశారు. అందులో పిల్లలకు వేరే విభాగం, వేరే వార్డు ఉన్నాయి. బిడ్డతో పాటు తల్లి గాని, తండ్రి గాని వార్డులోనే ఉంటారు. పిల్లవాణ్ణి అప్పగించి వెళ్ళిపోవడం ఉండదు. చాలామందికి ఈ సంగతి తెలియక, "బిడ్డను లాక్కుంటారు" అని బెదిరిపోతున్నారు.

పిల్లల వార్డులో ఏమి జరుగుతుంది? మొదటి రోజుల్లో ఎక్కువగా చూడటమే. వినికిడి పరీక్ష, అవసరమైతే మెదడు తరంగాల పరీక్ష, బుద్ధి పరీక్ష, రక్తపరీక్ష చేస్తారు. తల్లి కడుపుతో ఉన్ననాటి నుంచి కథ అడుగుతారు. బడి పంతులు రాసిన ఉత్తరం అడుగుతారు. నర్సులు పిల్లవాడు ఎప్పుడు తిన్నాడు, ఎప్పుడు నిద్రపోయాడు, ఎప్పుడు కొట్టాడు, కొట్టే ముందు ఏమి జరిగింది, కొట్టిన తరువాత ఎవరు ఏమి చేశారు అని గంట గంటకూ రాస్తారు. ఆ ముందు, వెనుకలలోనే రహస్యం ఉంటుంది. కేకలు పెట్టినప్పుడల్లా చాక్లెట్టు చేతిలో పెడితే, కేకలకు చాక్లెట్టు వస్తుందని పిల్లవాడు నేర్చుకొంటాడు. ఇది తల్లి తప్పు కాదు. అలిసిపోయిన తల్లి చేసే పని. వార్డులో తల్లికి మరో దారి చూపించి, డాక్టరు ఎదురుగానే చేయించి నేర్పుతారు. అందుకే తల్లిదండ్రులు అక్కడ ఉండటం కావలిదారీ కోసం కాదు, వైద్యంలో సగం పని వారిదే.

మందుల మాట. "మందులిచ్చి పిల్లవాణ్ణి మత్తులో పడేస్తారు" అని ఒక మాట ఉన్నది. మత్తులో ఉన్న పిల్లవాడు బాగుపడిన పిల్లవాడు కాదు. డాక్టర్లూ ఆ మాటే అంటారు. మెథైల్‌ఫెనిడేట్ మత్తు మందు కాదు. నిలకడ ఇస్తుంది, ఆకలి కొంత తగ్గిస్తుంది. ఆటిజం ఉన్న పిల్లలు విపరీతంగా కొట్టుకొంటూ, కొరుక్కొంటూ ఉంటే రిస్పెరిడోన్ అనే మందు తక్కువ మోతాదులో ఇస్తారు. దానితో బరువు పెరగవచ్చు, నిద్ర రావచ్చు. కాబట్టి బరువు చూపించుకొంటూ ఉండాలి. మూర్ఛ మందు మాత్రం ఒక్కరోజు కూడా సొంతంగా మానగూడదు. మానితే మూర్ఛ మరింత బలంగా తిరిగి వస్తుంది. రంజాను నెలలో పెద్ద పిల్లలు ఉపవాసం ఉంటామని మందు వేళలు మార్చేస్తుంటారు. రోగికి మినహాయింపు ఉన్నదన్న సంగతి ఇమాములు చెప్పాలి. వేళ మార్చడానికి వీలున్నదా లేదా అన్నది డాక్టరు చెప్పాలి. ఎవరి పని వారు చేయాలి.

మా బడిలోని ఒక పిల్లవాడి సంగతి చెబుతాము. పేరు, మొహల్లా చెప్పము. తండ్రిది పంచర్ల దుకాణం. పిల్లవాడికి తొమ్మిదేళ్ళు. అంతకుముందు చదివిన ప్రైవేటు బడివాళ్ళు "మీ వాడి వల్ల మిగతా పిల్లలు పోతున్నారు" అని పంపేశారు. కొరుకుతాడు, పలకలు విరగ్గొడతాడు, మిద్దె పిట్టగోడ మీద పరుగెత్తుతాడు. తల్లి కొళాయి దగ్గరకు నీళ్ళకు వెళ్ళేటప్పుడు వాణ్ణి మంచంకోడుకు తాడుతో కట్టి వెళ్ళేది. ఒక ఆమిల్ వద్దకు తీసుకువెళితే చాలా డబ్బు తీసుకొని, పొగ పెట్టాడు. కళ్ళు వాచి వారం రోజులు తెరవలేదు. మేము తండ్రిని పిలిచి మాట్లాడితే, "సాబ్, ఆ ఆసుపత్రికి తీసుకువెళితే రేపు నా కూతుళ్ళను ఎవరు చేసుకొంటారు?" అన్నాడు. ఈ ప్రశ్నకు పుస్తకాలలో జవాబు లేదు. మేమూ జవాబు చెప్పలేదు. "ఆ తాడు వాడి మెడకు చుట్టుకొన్న రోజున ఏమి చేస్తావు భాయ్?" అని మాత్రం అడిగాము. చాలాసేపు ఊరకున్నాడు. నాలుగు రోజుల తరువాత తనే వచ్చాడు.

ముందు ప్రభుత్వ పెద్దాసుపత్రికి, అక్కడి చీటీతో పిల్లల వార్డు ఉన్న ఆసుపత్రికి వెళ్ళారు. మూడు వారాలు ఉన్నారు. మొదటి వారం ఒక చిక్కు వచ్చింది. తల్లికి ఉర్దూ తప్ప వేరే భాష సరిగా రాదు. కాగితాలన్నీ ఇంగ్లీషు. డాక్టరు అడిగేది తల్లికి అర్థం కాదు, తల్లి చెప్పేది డాక్టరుకు అర్థం కాదు. అన్నింటికీ "జీ, జీ" అన్నది. తరువాత ఒక నర్సు ఆమెకు నోటుపుస్తకం ఇచ్చి, బిడ్డ చేసేదంతా నీకు వచ్చిన భాషలోనే రాయమన్నది. ఆమె ఉర్దూలో రాసింది. ఆదివారం మా ఉపాధ్యాయులలో ఒకరు వెళ్ళి దానిని డాక్టరుకు చదివి చెప్పారు. అందులో ఒకచోట, "అన్నం తింటూ తింటూ ముద్ద చేతిలో పట్టుకొని బొమ్మలాగా ఆగిపోతాడు, పిలిస్తే పలకడు, తరువాత ఉలిక్కిపడి కొడతాడు" అని ఉన్నది. డాక్టరు ఆ వాక్యం రెండుసార్లు చదివించుకొన్నారు. పరీక్ష చేయిస్తే మూర్ఛ అని తేలింది. దానితో పాటు కొద్దిపాటి బుద్ధిమాంద్యం కూడా ఉన్నది. ఏళ్ళ తరబడి సాయా అనుకొన్నది ఆ తల్లి రాసిన ఒక్క వాక్యంతో బయటపడింది.

పిల్లవాడు పూర్తిగా మారిపోయాడని చెప్పము. పావుగంటకు మించి ఇప్పటికీ కూర్చోలేడు. ఏడవ తరగతి వయసులో మూడవ తరగతి లెక్కలు చేస్తాడు. కోపం వస్తే పలక విరగ్గొడతాడు. కాని కొరకడం పోయింది, రాత్రి నిద్రపోతున్నాడు, మంచంకోడుకు తాడు లేదు. సాయంత్రం తండ్రి దుకాణంలో ట్యూబుకు గాలి కొడతాడు. అక్క పెళ్ళి నిశ్చయమైంది; మగపెళ్ళివారికి తమ్ముడి సంగతి ముందే చెప్పారు.

ఇప్పుడు చట్టం మాట. 2017లో మన పార్లమెంటు మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చేసింది. పద్దెనిమిదేళ్ళలోపు పిల్లలను గురించి అందులో స్పష్టంగా రాశారు. తల్లులు కూడా గుర్తుపెట్టుకొనేటట్లు చెబుతాము.

తల్లి, తండ్రి లేక సంరక్షకుడు అర్జీ ఇస్తేనే పిల్లలను చేర్చుకోవాలి. ఒక్క డాక్టరు మాట చాలదు. ఇద్దరు, వారిలో ఒకరు తప్పనిసరిగా మానసిక వైద్యులు, విడివిడిగా పరీక్షించి చేర్చవలసిన అవసరం ఉన్నదని ఒప్పుకోవాలి. ఇంటి దగ్గరే ఉంచి చేసే వైద్యం చాలదని తేలాలి. పిల్లలను పెద్ద రోగులతో కలిపి ఉంచరాదు. ఉన్నన్నాళ్ళూ ఇంటివారు ఒకరు తోడు ఉండాలి. ఆడపిల్ల అయితే ఆడమనిషే తోడు ఉండాలి. చేర్చిన సంగతి డెబ్బై రెండు గంటలలో మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డుకు తెలపాలి. ముప్పై రోజులు దాటితే బోర్డు మళ్ళీ విచారించాలి. తల్లిదండ్రులు వద్దనుకొంటే బిడ్డను తీసుకువెళ్ళవచ్చు. కరెంటు చికిత్స పిల్లలకు నిషేధం. ఎంతో అవసరమని డాక్టరు అనుకొన్నా, సంరక్షకుల సమ్మతి, బోర్డు ముందస్తు అనుమతి రెండూ లేనిదే ఇవ్వరాదు. ఒంటరి గదిలో బంధించరాదు. ఇక గొలుసు వేయడం ఏ రూపంలోనైనా, ఎవరికైనా నిషేధమే. ఏర్వాడిలో చనిపోయినవారి కాళ్ళ గొలుసులు ఈ చట్టంలో అక్షరాలై వచ్చాయని మేము అనుకొంటాము.

కాబట్టి ఆసుపత్రికి వెళ్ళినప్పుడు అడగండి: నా బిడ్డ జబ్బు పేరేమిటి? ఈ మందు ఎందుకు, ఎన్నాళ్ళు, దీనితో వచ్చే కష్టమేమిటి? ఇంటికి వెళ్ళాక నేను ఏమి చేయాలి? మళ్ళీ ఎప్పుడు రావాలి? ఈ నాలుగు ప్రశ్నలు అడిగినందుకు ఏ మంచి డాక్టరూ కోప్పడడు. వార్డులో మంచాలు తక్కువ, పిల్లల మానసిక వైద్యులు ఇంకా తక్కువ. క్యూలో నిలబడవలసి వస్తుంది, విసుక్కొనేవారూ ఉంటారు. దానికి ఓర్చుకోవాలి.

ఎక్కడ మొదలుపెట్టాలంటే, ఒక్కసారిగా బెంగళూరుకో హైదరాబాదుకో పరుగెత్తనక్కరలేదు. మన పక్కనే బళ్ళారి జిల్లాలో 1980లలో ఒక ప్రయోగం చేశారు. పల్లె ఆసుపత్రి డాక్టర్లకే మానసిక వైద్యం నేర్పితే చాలామందికి అక్కడే వైద్యం అందించవచ్చునని తేలింది. ఆ నమూనా మీదనే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం పుట్టింది. జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యులను కలవవచ్చు. చిన్న పిల్లల ఎదుగుదల లోపాలకు 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లాల్లో పరీక్షా కేంద్రాలు పెట్టారు. బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల శిక్షణకు సికింద్రాబాదులో 1984లో జాతీయ సంస్థ ఏర్పడింది. దానినే ఇప్పుడు ఎన్.ఐ.ఇ.పి.ఐ.డి. అంటున్నారు. అర్ధరాత్రి ఏమీ తోచనప్పుడు 14416 నంబరుకు ఫోను చేయవచ్చు. అది 2022లో ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్, డబ్బు కట్టనక్కరలేదు.

మా ఉపాధ్యాయ సోదరులకు రెండు మాటలు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం బడిలో పిల్లలను కొట్టడం, మనసు గాయపరచడం నిషేధం. ఎలిమెంటరీ చదువు పూర్తయ్యేదాకా పిల్లవాణ్ణి బడి నుంచి పంపేయరాదు. చట్టం అట్లా ఉండగా, ఆసుపత్రి నుంచి తిరిగి వచ్చిన పిల్లవాడికి మొదటి శత్రువు మన బడి అయితే ఎట్లా? వాణ్ణి ముందు బెంచీలో కూర్చోబెట్టండి. పని చిన్న చిన్న ముక్కలుగా ఇవ్వండి. మధ్యలో లేచి బోర్డు తుడవమనండి, నీళ్ళు తెమ్మనండి. కదలవలసిన శరీరానికి కదలిక ఇవ్వండి. మిగతా పిల్లలు "పాగల్" అని పిలిస్తే అక్కడికక్కడే ఆపండి.

ఆడపిల్లలను గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మగపిల్లవాడు కిటికీ పగలగొడితే వీధి అంతా తెలుస్తుంది, ఎవరో ఒకరు డాక్టరు పేరు చెబుతారు. ఆడపిల్ల మాట మానేసి మూల కూర్చుంటే, చేయి కోసుకొంటే, ఎవరికీ తెలియనివ్వరు. "పెళ్ళి చేస్తే అదే సర్దుకొంటుంది" అంటారు. పెళ్ళి మందు కాదు. అట్లా పెళ్ళిచేసి పంపిన పిల్లలు ఏ స్థితిలో పుట్టింటికి తిరిగి వచ్చారో ఇక్కడి తల్లులకే బాగా తెలుసు.

చివరగా సంఘానికి మా విన్నపాలు. ఒకటి, ఆసుపత్రికి వెళ్ళే పేద కుటుంబానికి దారిఖర్చు, బస ఖర్చు కొరకు చిన్న నిధి పెట్టాలి. ఆసుపత్రి మందులు ఉచితంగా ఇచ్చినా, మూడు వారాలు దుకాణం మూసుకొన్నవాడికి ఇంట్లో పొయ్యి వెలగదు. ఇందుకు జకాత్ సొమ్ము ఎంతవరకు వాడవచ్చునో ఉలమాలను అడిగి నిర్ణయించాలి. రెండు, ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు వచ్చిన యువకులు, యువతులు పది మంది పేర్లు రాసి ఉంచాలి. తల్లి మాట డాక్టరుకు, డాక్టరు మాట తల్లికి చేర్చడం వారి పని. మూడు, తల్లి లేని పిల్లకు, లేక చంటిబిడ్డ ఉన్న తల్లికి బదులుగా వార్డులో తోడు ఉండగల పెద్ద వయసు స్త్రీలు ముందుకు రావాలి. నాలుగు, వికలాంగుల గుర్తింపు కార్డు, రైలు టికెట్టు రాయితీ, నిరామయ ఆరోగ్య బీమా వంటి వాటి దరఖాస్తులు నింపి ఇవ్వడానికి వారానికి ఒకరోజు సంఘం ఆఫీసు తెరిచి ఉంచాలి. అయిదు, ఏడాదిలో ఒక జుమా రోజున ఖతీబు సాహెబులు ఈ విషయం మాట్లాడాలి. మేము గంటసేపు చెప్పిన దానికన్నా మింబరు మీద నుంచి వచ్చిన ఒక్క మాట ఎక్కువ ఇళ్ళకు చేరుతుంది.

ఈ అయిదింటిలో దేనికీ లక్షలు అక్కరలేదు. రెండవ విన్నపానికైతే పైసా ఖర్చు లేదు. కార్యదర్శిగారి దగ్గర ఒక పుస్తకం ఉంచాము. ఉర్దూ వచ్చి, ఇంగ్లీషు కొంచెమైనా వచ్చినవారు వెళ్ళేటప్పుడు అందులో పేరు రాసి వెళ్ళవలసిందిగా మా మనవి.